రెజిన్ బ్లాంకులకు రాయిని మెత్తగా నూరొద్దు, బరకగానే ఉంచండి

ఇంట్లో రెజిన్ (పోశాక గట్టిపడే ద్రవ ప్లాస్టిక్) పోసి పెన్ను బ్లాంకులు, కత్తి పిడి ముక్కలు చేసుకునేవాళ్లు రాయి కలుపుదామనుకోగానే అడిగేది ఒకటే: పొడి ఎంత మెత్తగా రావాలి, దానికి ఏ మెషీన్ కొనాలి? నా సమాధానం ముందే చెప్పేస్తాను. మెత్తగా అక్కర్లేదు. ఉప్పురవ్వంత గింజ చాలు, అంతకంటే మెత్తగా వచ్చిన పొడిని వేరుచేసి పారేయాలి. ఎందుకంటే రాయి రంగును చంపేది ఆ మెత్తటి పొడే, ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్లి కూర్చునేదీ అదే. ఈ రెండు విషయాలూ ఒకేవైపు చూపించడం మన అదృష్టం, అయినా చాలామంది వేలు పోసి మిల్లు కొని, రోజుల తరబడి తిప్పి, చివరికి బూడిదరంగు దిమ్మ ఒకటి చేసుకుని నిరాశపడుతుంటారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

కొత్తవాళ్ల కోసం ఒక మాట. బ్లాంక్ అంటే వస్తువు కాకముందు ఉండే దిమ్మ. దాన్ని లేత్ మీద తిప్పో, సానపట్టో కావాల్సిన రూపం తెస్తాం. రాజమహేంద్రవరంలో 1930ల నుంచి రత్నం పెన్నులు చేసేవాళ్లు ఎబొనైట్ (గట్టి రబ్బరు) కడ్డీని లేత్ మీద తిప్పే పెన్ను చేస్తున్నారు కదా, ఆ కడ్డీ స్థానంలో మనం పోసుకున్న రాతి రెజిన్ దిమ్మ ఉంటుంది, అంతే తేడా. పెన్ను బ్లాంక్ సాధారణంగా 19 మిల్లీమీటర్ల చదరంతో 127 మిల్లీమీటర్ల పొడవుంటుంది. అంటే 50 మిల్లీలీటర్ల లోపు సరుకు. ఇంత చిన్న దిమ్మకు కావాల్సిన రాయి గుప్పెడే.

నల్లరాయి పొడి నల్లగా ఎందుకు ఉండదు

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ముక్క ఒకటి తీసుకోండి. నున్నగా మెరుగుపెట్టిన నల్లటి రాయి, లోపల బంగారు చుక్కల్లాంటి మెరుపులు. ఆ మెరుపు బ్రాంజైట్ అనే ఖనిజపు పలకలది, వెలుగు వాటి చదునైన ముఖాల మీద పడి తిరిగొస్తేనే మెరుపు కనిపిస్తుంది. ఆ రాయిని పిండిలా నూరితే పలకలు విరిగిపోతాయి, మెరుపు పోతుంది. నలుపు కూడా పోతుంది. చేతికి వచ్చేది సిమెంటు రంగు పొడి.

కారణం సులువే. రాయి పెద్ద ముక్కగా ఉన్నప్పుడు వెలుగు లోపలికి చాలా దూరం పోయి, దారిలో చాలావరకు ఇంకిపోతుంది, మిగిలి తిరిగొచ్చిందే మనకు రంగుగా కనిపిస్తుంది. ముక్కను చిన్న చిన్న రేణువులు చేస్తే వెలుగు లోపలికి పోయే లోపే వేల ముఖాల మీద చెదిరి బయటికి వచ్చేస్తుంది. రంగు పట్టుకునేంత దూరం అది ప్రయాణించదు. అందుకే ఏ రాయి పొడైనా అసలు రాయి కంటే పాలిపోయి ఉంటుంది. పాతకాలపు చిత్రకారులకు ఇది బాగా తెలుసు. అజురైట్ అనే నీలిరాయిని రంగు కోసం నూరేటప్పుడు గింజ బరకగా ఉంటే ముదురు నీలం, మెత్తగా నూరేకొద్దీ లేత ఆకాశరంగు వచ్చేది, కాబట్టి వాళ్లు కావాలనే ఒక దగ్గర ఆపేసేవాళ్లు.

ఇక్కడిదాకా సగం కథే. పొడి రెజిన్‌లో పడ్డాక ఇంకో మార్పు జరుగుతుంది, ఎక్కువమంది తికమకపడేది దీని దగ్గరే. వెలుగు ఒక పదార్థంలోంచి ఇంకో పదార్థంలోకి వెళ్లేటప్పుడు ఎంత వంగుతుందో చెప్పే అంకె ఒకటుంది, వక్రీభవన గుణకం అంటారు. గాలికి అది 1, క్వార్ట్జ్‌కి (పలుగురాయికి) దాదాపు 1.55. ఇంత తేడా ఉంది కాబట్టే గాలిలో ఉన్న క్వార్ట్జ్ పొడి తెల్లగా కనిపిస్తుంది. ఎపాక్సీ రెజిన్ అంకె కూడా 1.55 దరిదాపుల్లోనే ఉంటుంది. అంటే తెల్లటి క్వార్ట్జ్ పొడిని ఎపాక్సీలో కలిపితే వెలుగుకు ఆ రెండింటి మధ్య సరిహద్దే కనపడదు, తెలుపు మాయమై మసక గాజులా తయారవుతుంది. పాలరాయి పొడి దీనికంటే కొంచెం నయం, అయినా గాలిలో కనిపించిన తెలుపు అందులో నిలవదు. ముగ్గుపిండి కలిపితే తెల్లటి దిమ్మ వస్తుందనుకున్నవాళ్లకు మురికి బూడిదరంగు రావడానికి కారణం ఇదే, రెజిన్ చెడ్డది కాదు, కొలత తప్పూ కాదు. నిజంగా తెల్లగా కావాలంటే టైటానియం డయాక్సైడ్ చిటికెడు పడాలి, దాని అంకె 2.5 పైమాటే కనుక అది ఎందులో కలిపినా తెల్లగా నిలబడుతుంది.

నల్లరాయికి ఇదే సూత్రం మేలు చేస్తుంది. పొడిగా ఉన్నప్పుడు పాలిపోయిన గింజ రెజిన్‌లో తడిసేసరికి మళ్లీ ముదురు రంగుకు తిరుగుతుంది. గింజ ఎంత పెద్దదైతే అంత బాగా తిరుగుతుంది. కాబట్టి పొడి రంగు చూసి నిర్ణయానికి రావద్దు. ప్లాస్టిక్ మూత మీద చిటికెడు పొడి వేసి, ఒక చుక్క వంటనూనె వేసి చూడండి, రెజిన్‌లో ఎలా ఉండబోతోందో దాదాపుగా తెలిసిపోతుంది. నూనె అంకె 1.47, నీళ్లది 1.33, కాబట్టి నీళ్ల కంటే నూనే నమ్మదగ్గ పరీక్ష.

ఏ రాయి తీసుకోవాలి, ఏది వదిలేయాలి

ఇందులో రెండు ప్రశ్నలున్నాయి, రెండింటినీ కలిపేసి చూడటం వల్లే గందరగోళం. మొదటిది గట్టిదనం. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ కొలబద్ద ప్రకారం బలపం రాయి 1, సున్నపురాయిలో ఉండే కాల్సైట్ 3, గ్రానైట్‌లో ఉండే ఫెల్డ్‌స్పార్ 6, క్వార్ట్జ్ 7. మామూలు చాకు ఉక్కు 5.5 దగ్గర ఉంటుంది. చాకుతో గీస్తే గీత పడే రాయిని దంచడం తేలిక, లేత్ మీద తిప్పడమూ తేలిక. చాకుకు లొంగని రాయి మీ ఉలి అంచును బ్లాంక్ పూర్తికాకముందే మొద్దు చేస్తుంది, దానికి కార్బైడ్ పనిముట్లే కావాలి.

రెండో ప్రశ్న సిలికా, అంటే క్వార్ట్జ్ అయిన పదార్థం. ఇది ప్రాణాలకు సంబంధించింది. మామూలు గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఐదో వంతు నుంచి మూడో వంతు దాకా ఉంటుంది. కరీంనగర్ నుంచి వచ్చే టాన్ బ్రౌన్ లాంటివి ఈ కోవలోవే. ఇసుకరాయిలో ఇంకా ఎక్కువ. చీమకుర్తి రాయిని వ్యాపారంలో గ్రానైట్ అంటారు కానీ భూగర్భశాస్త్రం లెక్కలో అది గాబ్రో జాతి, క్వార్ట్జ్ చాలా తక్కువ. కడప, బేతంచెర్ల, తాండూరు వైపు నాపరాళ్లు సున్నపురాయి జాతివి, గట్టిదనం తక్కువ, ఇంట్లో పనికి నేను మొదట చెప్పేది వీటినే. ఫ్లోరింగ్ పని జరిగే చోట అడిగితే తుంపులు ఊరికే ఇస్తారు. అయితే నాపరాయిలోనూ కొంత సిలికా కలిసి ఉండవచ్చు, కాబట్టి సున్నపురాయే కదా అని దుమ్ము పీల్చడానికి వీల్లేదు.

సున్నపురాయో కాదో తెలుసుకోవడానికి కొంచెం పొడి మీద నిమ్మరసమో వెనిగరో వేయండి. బుసబుస పొంగితే కార్బొనేట్ ఉన్నట్టు. డోలమైట్ (సున్నపురాయికి దగ్గరి చుట్టం) అయితే పొంగు నెమ్మదిగా, చాలా కొద్దిగా వస్తుంది. ముగ్గుపిండి ప్యాకెట్ మీద అది ఏ రాతిదో రాసి ఉండదు, కాబట్టి దానికీ ఈ పరీక్ష చేయాల్సిందే. పొంగనే పొంగకుండా, రేణువులు గాజు మీద గీతలు పెడుతుంటే అందులో క్వార్ట్జ్ ఉందనుకుని పక్కన పెట్టేయండి.

అసలు ముట్టుకోకూడనివి కొన్ని ఉన్నాయి. పులివెందుల చుట్టుపక్కల దొరికే ఆకుపచ్చ సర్పెంటైన్ రాయి చూడటానికి అందంగా ఉంటుంది, కానీ అక్కడి రాయిలో క్రిసోటైల్ చారలుంటాయి, అంటే ఆస్బెస్టాస్. దాన్ని దంచడం మాట తలపెట్టకండి. ఇంగిలీకం పాదరసపు ఖనిజం, హరిదళం ఆర్సెనిక్ ఖనిజం, గెలీనా సీసం. అగ్నిగుండాల వైపు రాగి, సీసం ఖనిజాలున్న నేల కనుక అక్కడ ఏరుకొచ్చిన రంగురాళ్లను షోకేసులో పెట్టుకోవడమే మంచిది. మాలకైట్ పచ్చగా మురిపిస్తుంది, అందులో రాగి ఉంటుంది, దుమ్ము విషం. ఇక వంటగది గట్టు కోసం తెచ్చిన కృత్రిమ క్వార్ట్జ్ పలక ముక్కలు. అవి రంగురంగులుగా ఉంటాయి, ఊరికే దొరుకుతాయి, కానీ వాటిలో సిలికా 90 శాతం దాకా ఉంటుంది. వాటిని కోసిన కార్మికులు నడివయసు రాకుండానే సిలికోసిస్ (సిలికా దుమ్ముతో ఊపిరితిత్తులు మచ్చపడే జబ్బు) బారిన పడటంతో ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఆ పలకలను దేశంలోనే నిషేధించింది. మనకు గుప్పెడు పొడి కోసం అది అవసరమా?

దంచడం, జల్లించడం, తేర్చడం

మిక్సీ వద్దు. బ్లేడు పోతుంది, ఆ జార్‌లో మళ్లీ పచ్చడి నూరతారు, పైగా మూత తీసిన క్షణంలో దుమ్ము మొత్తం మొహం మీదికి లేస్తుంది. వెట్ గ్రైండర్ కూడా వద్దు, దాని రాళ్లే గ్రానైట్, బియ్యం మినుములు మెత్తనివి కాబట్టి నలుగుతాయి, రాయిని వేస్తే రెండూ అరిగి ఏ పొడి ఎక్కడిదో తెలియకుండా పోతుంది. వంటింటి సామాను ఏదీ ఈ పనికి పెట్టకండి.

బరక పొడి చాలు అనుకున్నాక కావాల్సింది ఇనుప కల్వం ఒకటి, రెండు జల్లెడలు, బకెట్టు. రాయిని ముందు తడిపిన గోనెసంచిలో చుట్టి సుత్తితో కొట్టి శనగగింజంత చేసుకోండి, కళ్లకు అద్దాలు పెట్టుకుని. తర్వాత కల్వంలో కొంచెం కొంచెం వేసి, నీళ్లు చిలకరించి దంచాలి. కీలకం ఏమిటంటే, మొత్తం ఒకేసారి నలిగేదాకా దంచకూడదు. నాలుగు దెబ్బలు వేయడం, జల్లించడం, జల్లెడ మీద మిగిలింది మళ్లీ కల్వంలో వేయడం. ఇలా చేస్తే సరైన సైజుకు వచ్చిన గింజ వెంటనే బయటపడుతుంది, అనవసరంగా పిండి కాదు. క్వారీ క్రషర్లలోనూ జల్లెడ మీద మిగిలిన పెద్ద ముక్కలను మళ్లీ క్రషర్‌కే పంపుతారు.

జల్లెడల లెక్క మెష్‌లలో ఉంటుంది. 30 మెష్ అంటే కన్నం 600 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 100 మెష్ అంటే 150, 200 మెష్ అంటే 75. మనకు కావాల్సింది 30 దాటి 100 మీద ఆగే గింజ. తడిగానే జల్లించండి, నీళ్లు పోస్తూ. పొడిగా జల్లించడమంత దుమ్ము లేపే పని ఈ మొత్తంలో ఇంకోటి లేదు.

తర్వాత తేర్చడం. బకెట్లో 10 సెంటీమీటర్ల ఎత్తు నీళ్లలో గింజలు వేసి బాగా కలిపి అరనిమిషం ఆగండి, పైన మసకగా ఉన్న నీటిని వంపేయండి. నీటిలో రేణువు మునిగే వేగం దాని వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది. 75 మైక్రాన్ల రేణువు ఆ 10 సెంటీమీటర్లు సుమారు 20 సెకన్లలో దిగితే 10 మైక్రాన్లదానికి 18 నిమిషాలు పడుతుంది. కాబట్టి అరనిమిషం తర్వాత నీటిలో ఇంకా తేలుతున్నదంతా మనకు అక్కర్లేని రజనే. నీళ్లు తేటగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ కడగండి. బియ్యం కడిగిన చేతులకు ఈ పని కొత్తగా నేర్పాల్సిన పని లేదు. కడిగిన గింజల మీద, నీళ్లలో ఉండగానే, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన అయస్కాంతం తిప్పండి. కల్వం నుంచి రాలిన ఇనుము దానికి అంటుకుంటుంది, అది ఉండిపోతే తర్వాత తుప్పు పట్టి లేతరంగు బ్లాంక్‌లో గోధుమ మచ్చలు తేలతాయి. నల్లరాయిలో అయస్కాంతానికి అంటుకునే సొంత గింజలూ ఉంటాయి, అవి పోయినా నష్టం లేదు.

నీళ్లతో నూరడం మనకు కొత్త విద్యేమీ కాదు. ఆయుర్వేదంలో అభ్రకాన్ని ధాన్యాభ్రకం చేసే పద్ధతి చూడండి: అభ్రకం ముక్కల్ని వడ్లతో కలిపి గుడ్డలో మూటకట్టి, గంజిలో నానబెట్టి, చేతులతో బాగా పిసుకుతారు. వడ్ల గరుకు అభ్రకాన్ని విడదీస్తుంది, గుడ్డ జల్లెడ అవుతుంది, సన్నటి రేకులు నీళ్లలోకి దిగుతాయి. దంచడం, జల్లించడం, తేర్చడం మూడూ ఒకే మూటలో, చిటికెడు దుమ్ము లేవకుండా జరిగిపోతాయి. దీన్ని ఇక్కడ ప్రస్తావించడానికి ఇంకో కారణం ఉంది. రెజిన్ వాళ్లు మెరుపు కోసం కొనే మైకా పౌడర్ ఈ అభ్రకమే, గూడూరు గనులతో నెల్లూరు జిల్లాకు పేరు తెచ్చిన ఆ కాకిబంగారమే. అభ్రకం పలకలు నిలిస్తేనే మెరుపు, పొడిగా మిల్లులో బాదితే పలకలు గీసుకుపోయి వెలవెలబోతుంది, తడిగా నూరితే మెరుపు నిలుస్తుంది. కాబట్టి చీమకుర్తి నల్లగింజల మధ్య పోయిన మెరుపును తిరిగి తేవాలంటే కొంచెం అభ్రకం కలిపితే సరి.

ఇంత చెప్పినా బాల్ మిల్లే (గుండ్లు వేసి తిప్పే జార్) కావాలంటే, తడిగానే తిప్పండి. 10 సెంటీమీటర్ల వ్యాసమున్న జార్‌ను నిమిషానికి 90 నుంచి 100 చుట్లు తిప్పితే చాలు. 134 చుట్లు దాటిందంటే గుండ్లు గోడకు అతుక్కుని తిరుగుతాయే తప్ప రాయి మీద పడవు.

దుమ్ము గురించి, సూటిగా

కంటికి కనిపించేంత పెద్ద రేణువులతో ముప్పు తక్కువ, అవి చాలావరకు ముక్కు, గొంతులోనే ఆగిపోతాయి. 5 మైక్రాన్ల లోపు రేణువులు ఊపిరితిత్తుల చివరి గదులదాకా వెళ్తాయి, అవి గాలిలో ఉన్నా మనకు కనపడవు. కదలని గాలిలో 10 మైక్రాన్ల రేణువు నిలబడ్డ మనిషి ముక్కు ఎత్తు నుంచి నేలకు దిగడానికి మూడు నిమిషాలు చాలు, ఒక మైక్రాన్‌దానికి ఐదు గంటలు పడుతుంది. ఫ్యాన్ వేసి ఉంటే అసలు దిగదు. పని అయిపోయింది కదా అని మాస్కు తీసి అదే గదిలో కూర్చుని టీ తాగడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టే తెలుస్తుంది.

సిలికోసిస్‌కు మందు లేదు. మచ్చపడిన ఊపిరితిత్తి మళ్లీ మామూలు కాదు, క్షయ కూడా సులువుగా పట్టుకుంటుంది. సిలికా దుమ్ము ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుందని 1997లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి వర్గంలో చేర్చింది. మన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమూ దీన్ని ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో పెట్టింది. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్‌లో పిల్లలు రాసుకునే పలక బలపాలు కోసిన కార్మికులు ఈ జబ్బుతో చిన్న వయసులోనే పోయారు. వాళ్లకు అది బతుకుతెరువు, తప్పించుకునే వీలు లేదు. మనది సరదా పని, మనకు ఆ వీలు పూర్తిగా ఉంది, దాన్ని వాడుకోకపోవడం నాకు సరిగా అనిపించదు.

గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు దీనికి పనిచేయవు, మొహానికి బిగుతుగా అతుక్కునే ఎన్95 కనీసం. గడ్డం ఉంటే అంచుల్లోంచి గాలి దూరుతుంది. చీపురుతో ఊడవద్దు, తడిగుడ్డతో తుడవండి. పిల్లలున్న ఇంట్లో ఈ పని మేడ మీదో పెరట్లోనో, గాలి మీ నుంచి అవతలికి వీచే వైపు కూర్చుని చేయండి.

కలపడం, పోయడం

గింజల్ని పూర్తిగా ఆరబెట్టాలి. ఎండలో రెండు రోజులు, వానాకాలమైతే ఈ పనికే కేటాయించిన చిన్న ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర. తడి మిగిలితే ఎపాక్సీ మసకబారుతుంది, పాలీయురేథేన్ (ఇంకో రకం రెజిన్) అయితే నీటితో కలిసి కార్బన్ డయాక్సైడ్ పుట్టించి నురగలా పొంగిపోతుంది.

బరక గింజకు ఉన్న ఒకే ఒక్క చిక్కు ఇక్కడ వస్తుంది: అది రెజిన్‌లో మునిగిపోతుంది. నీటిది 1 అనుకుంటే రాయి సాంద్రత 2.65, ఎపాక్సీది 1.1. పలుచటి ఎపాక్సీలో 300 మైక్రాన్ల గింజ రెండు సెంటీమీటర్లు దిగడానికి మూడు నిమిషాలు చాలు. అందుకని దిమ్మ కింద సగం రాయి, పైన సగం వట్టి రెజిన్ అవుతుంది. దీనికి రెండు దారులు. గింజలు అక్కడక్కడా తేలుతున్నట్టు కావాలంటే రెజిన్ చిక్కబడి, చెంచాతో ఎత్తితే ధార కట్టకుండా ముద్దగా జారేదాకా ఆగి అప్పుడు కలిపి పోయాలి. రాయిలాగే కనిపించాలంటే అచ్చును గింజలతో నింపేయడమే, ఎక్కడికీ దిగడానికి చోటే ఉండదు. మొజాయిక్ గచ్చులో పెద్ద చిప్స్ మధ్య చిన్న చిప్స్ ఇరికించినట్టు రెండు సైజులు కలిపితే ఖాళీలు ఇంకా తగ్గుతాయి. ఒకే సైజు గింజలైతే చోటులో 60 శాతం రాయి, 40 శాతం ఖాళీ ఉంటుంది. 50 మిల్లీలీటర్ల అచ్చుకు 80 గ్రాముల రాయి, 20 మిల్లీలీటర్ల రెజిన్. రెజిన్ ముందు పోసి గింజల్ని కొంచెం కొంచెంగా చల్లుతూ అచ్చును తట్టండి, గాలి పైకి వచ్చేస్తుంది. గింజల మీద రెజిన్ పోస్తే గాలి లోపలే చిక్కుకుంటుంది.

బుడగలు పూర్తిగా పోవాలంటే 40 నుంచి 60 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) తట్టుకునే ప్రెషర్ పాట్ కావాలి. వంట కుక్కర్ 15 పీఎస్ఐకి తయారైంది, దానికి కంప్రెసర్ తగిలించే ప్రయోగాలు ఎవరు చెప్పినా చేయకండి. పాట్ లేనివాళ్లు నెమ్మదిగా గట్టిపడే రెజిన్ తీసుకుని, సీసాను గోరువెచ్చటి నీళ్లలో ఉంచి పలుచన చేసి వాడుకుంటే చాలావరకు సరిపోతుంది. గట్టిపడని రెజిన్ చర్మానికి తగిలితే ఎలర్జీ మొదలవ్వొచ్చు, ఒకసారి మొదలైతే సాధారణంగా జీవితాంతం పోదు, నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి.

గట్టిపడ్డాక ఒక వారం వదిలేసి లేత్ ఎక్కించండి. అక్కడ మళ్లీ దుమ్ము పుడుతుంది, ఈసారి రాయీ రెజినూ కలిసి, మనం నీళ్లలో వంపేసినంత మెత్తగా. కాబట్టి తిప్పేటప్పుడు కూడా మాస్కు, సానపట్టడమంతా తడి ఎమరీ కాగితంతోనే. కడిగిన నీళ్లు సింకులో పోయకండి, బకెట్లో రాత్రంతా వదిలి, పైన తేట నీళ్లు తీసేసి, అడుగున మిగిలిన బురదను పూర్తిగా ఆరకముందే ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి చెత్తలో వేయండి.